అర్హత వేరు, నిజాయితీ వేరు

2023 అక్టోబరు 1న చైనాలోని హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఇద్దరు తెలుగమ్మాయిలు పతకాలు గెలుచుకున్నారు. రెండు పతకాల మీదా గొడవ నడిచింది. రెంటిలోనూ ఆరోపణ ఒక్కటే, అన్యాయంగా పోటీ చేశారని. కానీ ఆ రెండు ఆరోపణలూ ఒకే జాతివి కావు. వాటి మధ్య తేడా పట్టుకోకపోతే ఆడవాళ్ల విషయంలో 'మోసం' అన్న మాటకు అర్థమే లేకుండా పోతుందని నా భయం.

మొదటిది విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతిది. తండ్రి సెక్యూరిటీ గార్డు. వంద మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో తుపాకి పేలకముందే చైనా క్రీడాకారిణి వూ యన్ని కదిలింది. ఆమె కదలడం చూసి జ్యోతీ కదిలింది. అధికారులు ఇద్దరినీ తప్పుకోమన్నారు. జ్యోతి ఒప్పుకోలేదు, వీడియో చూడమంది. చూశారు, వాదించుకున్నారు, ఇద్దరినీ పరుగెత్తనిచ్చి నిర్ణయం తర్వాత చెబుతామన్నారు. వూ రెండో స్థానంలో, జ్యోతి 12.91 సెకన్లతో మూడో స్థానంలో వచ్చారు. ఆ తర్వాత వూను అనర్హురాలిగా ప్రకటించి రజతం జ్యోతికి ఇచ్చారు.

రెండోది నందిని అగసర. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పిల్ల. ఏడు పోటీల హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. 5708 పాయింట్లతో నాలుగో స్థానంలో మిగిలిపోయింది మన దేశం అమ్మాయే, స్వప్న బర్మన్. మరునాడు స్వప్న సామాజిక మాధ్యమంలో, తన పతకాన్ని ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీకి పోగొట్టుకున్నానని రాసింది. తర్వాత ఆ మాట తీసేసింది. కానీ దేశమంతా చదివేసింది.

జ్యోతి మీద వచ్చినది, ఆమె చేసిన పని మీద వచ్చిన ఆరోపణ. దానికి ఒక నియమం ఉంది, కెమెరా ఉంది, వాదించుకునే వీలుంది, అదే రోజు తీర్పూ వచ్చింది. నందిని మీద వచ్చినది ఆమె ఉనికి మీద ఆరోపణ. దానికి ఆ అమ్మాయి ఏమని జవాబు చెప్పాలి? ఎవరికి చెప్పాలి? 'నేను తొందరపడి కదల్లేదు' అని అనవచ్చు. 'నేను ఆడదాన్నే' అని రుజువు చేయడం మొదలుపెట్టడమంటే ఎదుటివాళ్ల అనుమానానికి హక్కు ఇచ్చేసినట్టే.

మోసమంటే నా దృష్టిలో తెలిసి చేసే పని. 1968లో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టి వచ్చే తెరచాప నావల పందెంలో డొనాల్డ్ క్రౌహర్స్ట్ అనే ఇంగ్లీషువాడు అట్లాంటిక్‌లోనే తిరుగుతూ, ఎక్కడెక్కడో ఉన్నానని రేడియోలో కబుర్లు పంపాడు. 1969 జూలైలో అతను లేని నావ దొరికింది. అందులో ఉన్న పుస్తకాలే నిజం చెప్పాయి. అది మోసం. చూసేవాళ్లు లేని నడిసముద్రంలో జరిగినా చివరికి కాగితం మీద చూపించగలిగిన మోసం.

మా కర్నూలు, కడప జిల్లాల్లో తిరుణాలలప్పుడు ఎద్దుల బండలాగుడు పోటీలు పెడతారు. రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, ఆరు పళ్ల విభాగం అని వేరువేరుగా ఉంటాయి. తగాదా వస్తే ఎద్దు నోరు తెరిచి పళ్లు లెక్కపెడతారు. నాలుగు పళ్లున్న ఎద్దును రెండు పళ్లదని చెప్పి కట్టినవాడిని తిట్టవచ్చు. ఎద్దును ఎవరూ తిట్టరు. దాని నోట్లో ఉన్న పళ్లు దాని తప్పు కాదని పశువుల కాపరికీ తెలుసు. ఆటల్లో ఆడవాళ్ల దగ్గరకు వచ్చేసరికి ఈ మాత్రం ఇంగితం కూడా పోయింది. 1966లో బుడాపెస్ట్ యూరోపియన్ పోటీల్లో క్రీడాకారిణులను డాక్టర్ల ముందు బట్టల్లేకుండా నిలబెట్టారు. 1968 నుంచి క్రోమోజోములు చూశారు. ఎద్దు నోరు తెరిచినట్టే తెరిచి, తప్పు మాత్రం ఆమెదే అన్నారు.

శాంతి సౌందరాజన్ తమిళనాడులో ఇటుక బట్టీ కూలీల కూతురు. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిచింది. పరీక్ష చేసి పతకం లాక్కున్నారు. ఆమె ఏ అబద్ధం చెప్పింది? పుట్టినప్పటి నుంచి తానేమిటో అదే చెప్పింది. అర్హత లేదనడం ఒక సాంకేతిక నిర్ణయం. దాన్ని నిజాయితీ లేదన్నట్టు ప్రచారం చేయడం వేరే పని. మొదటిదానికి రూలు పుస్తకం బాధ్యత వహించాలి, రెండోదానికి మనం వహించాలి.

హైదరాబాద్‌లో శిక్షణ పొందిన ద్యుతీ చంద్ కథలో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. 2014లో ఒంట్లో సహజంగా తయారయ్యే హార్మోను ఎక్కువుందని ఆమెను పోటీలకు దూరం చేశారు. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లి, 2015లో ఆ నియమాన్నే నిలిపివేయించింది. అదే ద్యుతీకి నిషిద్ధ మందుల వాడకం కింద 2023లో నాలుగేళ్ల నిషేధం పడింది. ఆ రెండో కేసులో నమూనా ఉంది, మందు పేరుంది, విచారణ ఉంది. ఆమె పక్షాన నిలబడ్డ స్త్రీవాదులం రెండోదాన్ని చూసి మొదటిదానికి సిగ్గుపడనక్కర్లేదు. మొదటిదాని పేరు చెప్పి రెండోదాన్ని కప్పిపుచ్చనూ అక్కర్లేదు.

స్త్రీల విభాగమంటూ ఉండాలంటే దానికొక గట్టు ఉండొద్దా అని అడిగేవాళ్లున్నారు. అది న్యాయమైన ప్రశ్నే. ఆ విభాగం కోసం పోరాడింది స్త్రీలే. గట్టు ఎక్కడ వేయాలో శాస్త్రజ్ఞులు, క్రీడాకారిణులు కూర్చుని మాట్లాడుకోవాలి. కానీ నిన్నటి గట్టుకు ఇవతల సేద్యం చేసుకున్న మనిషిని, ఇవాళ గట్టు జరిపి దొంగ అనకూడదు. 2025 సెప్టెంబరు 1 నుంచి వరల్డ్ అథ్లెటిక్స్ తన ప్రపంచ ర్యాంకింగ్ పోటీల్లో స్త్రీల విభాగంలో దిగే ప్రతి ఒక్కరికీ ఒకసారి జన్యు పరీక్ష తప్పనిసరి చేసింది. అందరికీ చేస్తే ఎవరికీ అవమానం ఉండదు అంటున్నారు. ఆ జన్యువును 1990లో కనుగొన్న ఆండ్రూ సింక్లెయిరే దాన్ని ఇలా వాడటం సరికాదన్నాడు. మగవాళ్లకు మాత్రం ఇలాంటి పరీక్ష లేదు. ఒకరి మీద ఉన్న అనుమానాన్ని అందరికీ పంచితే అది గౌరవమెలా అవుతుందో నాకు అర్థం కాదు.

రేపు కడప పుట్లంపల్లి క్రీడా పాఠశాల నుంచి ఒక పిల్ల అంతర్జాతీయ పోటీకి వెళ్లాలంటే ఆ కాగితం కావాలి. అందులో వచ్చింది ఏమిటో ఊరికి తెలిస్తే ఆమె పెళ్లి, పేరు, అక్కచెల్లెళ్ల బతుకు ఏమవుతాయో ఆ పరీక్ష పెట్టినవాళ్లకు పట్టదు. మన దగ్గర ఆ పరీక్షకు ముందే ఒక మాట ఉంది: మగరాయుడు. ఎదురు మాట్లాడినా, చెట్టెక్కినా, జుట్టు కత్తిరించుకున్నా అదే బిరుదు. బేతంచర్లలో నాపరాళ్లు మోసే ఆడవాళ్ల భుజాలు, చేతులు చూడండి. అక్కడ వాళ్లను ఎవరూ ఆడవాళ్లేనా అని అడగరు. కూలి లెక్క దగ్గర మాత్రం ఆడవాళ్లేనని గుర్తుపెట్టుకుంటారు. కండ కూలికి పనికొచ్చినంతకాలం అనుమానం లేదు, పతకానికి పనికొచ్చిన రోజే వస్తుంది.

స్వప్నను తిట్టడం నా ఉద్దేశం కాదు. ఆమె జల్పాయిగుడి రిక్షా కార్మికుడి కూతురు, 2018 జకార్తాలో స్వర్ణం గెలిచిన మనిషి. కాళ్లకు ఆరేసి వేళ్లున్నాయని ఆమె ఒంటి గురించి కూడా పత్రికలు కథలు కథలుగా రాశాయి. నాలుగు పాయింట్లు ఎంత బాధపెడతాయో ఆమెకే తెలుసు. ఆ బాధలో చేతికందిన రాయి విసిరింది. ఆ రాయి ఆమె చెక్కింది కాదు, ఎన్నో తరాలుగా అక్కడే పడి ఉంది. 'ట్రాన్స్‌జెండర్' అన్న పదాన్ని తిట్టుగా వాడితే దెబ్బ నందినికొక్కదానికే తగలదు. ఏ పోటీలోనూ లేని, ఏ పతకమూ అడగని ట్రాన్స్ స్త్రీలకూ తగులుతుంది.

అందుకే మోసం జరిగిందన్న మాట విన్నప్పుడల్లా నేను ముందు ఒకటే అడుగుతాను: ఆమె ఏం చేసింది? జవాబులో ఒక పని ఉంటే విచారణ జరగాలి, తప్పని తేలితే శిక్షా పడాలి. జవాబులో ఆమె ఒళ్లు మాత్రమే ఉంటే, అక్కడ విచారణ జరగాల్సింది అడిగినవాళ్ల మీద.