సీతాఫలాల కాలంలో షుక్ర్

వానలు వెనుదిరిగి, ఫజ్ర్ వేళకు కాస్త చలి మొదలయ్యే రోజుల్లో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ రోడ్ల పక్కన సీతాఫలాల గంపలు దిగుతాయి. వీటిలో చాలా కాయలు మహబూబ్‌నగర్ వైపు నుంచి వస్తాయి. ఆ ప్రాంతపు బాలానగర్ పేరుతో ఉన్న సీతాఫలం రకం దేశంలో చాలా చోట్ల తెలిసినదే. ఉర్దూలో షరీఫా అని పిలుచుకునే ఈ చెట్టు అసలు అమెరికా ఖండం నుంచి వచ్చింది గానీ, మన గుట్టల్ని చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాదు. రాళ్ల సందుల్లో మొలుస్తుంది. ఎవరూ నీళ్లు పోయరు. మేకలు సైతం దాని ఆకు ముట్టవు.

దివ్య ఖుర్ఆన్‌లోని వాఖిఆ సూరాలో, మీరు నాటే విత్తనాన్ని పండించేది ఎవరని అల్లాహ్ మనిషిని నిలదీస్తాడు. దున్ని చల్లిన రైతునే అలా అడిగితే, దున్నని గుట్ట మీద కాసిన పండును తినే మనం ఏం జవాబు చెప్పగలం?

ఈ కాలంలో పల్లె ఇల్లు చూడముచ్చటగా ఉంటుంది. కల్లంలో మొక్కజొన్న, పందిరి మీద చిక్కుడు పూత, ఇంటి కప్పు మీద సొరతీగ, దొడ్లో రెండు మేకలు, గడ్డిలో మాగబెట్టిన సీతాఫలాలు. ఇంట్లో భయం లేకుండా, ఒంట్లో ఆరోగ్యంతో, ఆ రోజుకు సరిపడా తిండితో తెల్లవారినవాడికి లోకమంతా సమకూరినట్లేనని దైవప్రవక్త (సల్లం) తెలియజేశారు. ఇలాంటి ఇంటిని తలచుకుంటే ఆ మాట ఇట్టే అర్థమవుతుంది.

అందుకేనేమో, నగరంలో అన్నీ ఉన్నవారు కూడా పల్లె కోసం తపిస్తారు. సినిమా రంగంలో పేరు తెచ్చుకున్నవారు కొందరు మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫాంహౌస్‌లు కట్టుకున్నారు. తప్పేమీ లేదు. అయితే నిరాడంబర జీవితం స్థలం మారితే వచ్చేస్తుందా?

జూబ్లీహిల్స్‌ను ఆనుకుని ఉన్న కె.బి.ఆర్. పార్కులో చిరాన్ ప్యాలెస్ ఉంది. అది ఏడవ నిజాం మనవడు ముకర్రం జా గారిది. 1967లో తాతగారి వారసత్వంతో పాటు అంతులేని కోర్టు వ్యవహారాలు, వేలాది మంది సిబ్బంది బాధ్యత ఆయన మీద పడ్డాయి. 1970లలో ఆయన అన్నీ వదిలి పశ్చిమ ఆస్ట్రేలియాలో లక్షల ఎకరాల గొర్రెల క్షేత్రానికి వెళ్లిపోయారు. సంకెళ్లు తెంచుకున్నట్లు అనిపించి ఉంటుంది. కానీ అప్పులు, దావాలు అక్కడికీ చేరాయి. 1990లలో ఆ నేలనూ విడిచి టర్కీ వెళ్లారు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూస్తే, హైదరాబాద్ మక్కా మసీదులో ఖననం చేశారు. అల్లాహ్ ఆయన్ను మన్నించుగాక! ఆయన్ను తప్పుపట్టడం మన ఉద్దేశం కాదు. పొలానికి వెళ్లినవాడి వెంట అతని భారం కూడా వెళ్తుందని చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఇక దీనికి రెండో వైపు చూద్దాం. పల్లె అంత తృప్తినిస్తే, పాలమూరు కూలీలు మూటాముల్లె సర్దుకుని తరతరాలుగా ఎందుకు వలస వెళ్లారు? నగరంలోని ఎన్నో భవనాలు వారి చేతుల మీదుగానే లేచాయి. అలాంటివారికి ‘ఉన్నదానితో తృప్తిపడు, షుక్ర్ చెయ్యి’ అని బోధించడం ఉన్నవారికి చాలా సులువు. తనకంటే తక్కువ ఉన్నవారిని చూడమన్న ప్రవక్త (సల్లం) బోధ మన మనసును దిద్దుకోవడానికి ఉన్నది. ఎదుటివాడి కూలి ఎగ్గొట్టడానికి కాదు. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నదీ ఆయనే కదా!

అందువల్ల కృతజ్ఞత నిజమో కాదో తెలిసేది కోత రోజున. ఖలమ్ సూరాలో తోటవారి వృత్తాంతం ఉంది. తెల్లవారగానే పండ్లు కోసేస్తామని ప్రమాణం చేసుకున్నారు, ‘ఇన్‌షా అల్లాహ్’ అనలేదు. పేదవాడు ఒక్కడూ లోపలికి రాకూడదని గుసగుసలాడుకుంటూ బయలుదేరారు. వెళ్లి చూస్తే తోట లేదు! దారి తప్పామేమో అనుకున్నారు. వాళ్లకు ఉన్నది చక్కని పల్లె జీవితమే, పండిన తోటే. లేనిది పేదవాడికి తెరిచిన గేటు.

ధర్మశాస్త్రం రైతు కష్టాన్ని మరచిపోలేదు. వాన నీటితో పండిన పంటలో పదో వంతు (ఉష్ర్), సొంత శ్రమతో నీరు తోడి పండించిన దానిలో ఇరవయ్యో వంతు ఇవ్వాలి. బోరు వేసి అప్పుల పాలైన రైతుకూ, వర్షం మీద జొన్న పండించినవాడికీ ఒకే లెక్క లేదు. ఎంత పంటకు, ఏ పంటలకు వర్తిస్తుందన్న విషయంలో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. మీ ఊరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి, అదీ పంట ఇంటికి చేరకముందే.

పొలం లేనివారి సంగతి? మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ చూపనట్లేనని హదీసు. గంప ముందు కూర్చున్న ఆ తల్లి తెల్లవారకముందే కాయలు ఎత్తుకుని బస్సెక్కి ఉంటుంది. మాల్‌లో ధర చీటీ చూసి నోరెత్తని మనం ఆమె దగ్గర మాత్రం పది రూపాయల కోసం అరగంట బేరమాడతాం. ఈసారి అడిగిన ధర ఇచ్చి, పిల్లల చేత ఆమెకు సలాం చెప్పించి, ఏ ఊరి గుట్ట మీది కాయలో అడిగి తెలుసుకోండి.