వీధి మారింది, చర్చి ఏం చేయాలి?

తూర్పు లండన్‌లోని బ్రిక్ లేన్‌లో ఒక మూల మీద పాత ఇటుకల భవనం ఉంది. ఫ్రాన్సులో మత హింస భరించలేక వచ్చిన ప్రొటెస్టెంట్ల సంతతి 1743లో దాన్ని చర్చిగా కట్టుకుంది. ఆ పేటలో చాలామంది పట్టు నేసి బతికినవాళ్ళే. 1819లో అది మెథడిస్టుల మందిరమైంది. 1898లో యూదుల సినగాగ్ అయింది. 1976 నుంచి బంగ్లాదేశీ ముస్లింల మసీదు. గోడలు మాత్రం అవే. మొదటివాళ్ళు పెట్టిన నీడ గడియారం ఇప్పటికీ ఆ గోడ మీదే ఉంది.

ఒక మతం మీద మరో మతం గెలిచిన కథ కాదిది. పట్టు నేత పడిపోయి కొందరు, నాలుగు డబ్బులు చేతికొచ్చి ఇంకొందరు వేరే పేటలకు వెళ్ళిపోయారు. వాళ్ళ వెంటే వాళ్ళ ఆరాధనా వెళ్ళింది. అక్కడే ఒక పెద్ద ప్రశ్న మిగులుతుంది. చర్చి ఎవరిది? దశమభాగం ఇచ్చే సభ్యులదా, అది నిలబడి ఉన్న వీధిదా?

బబులోను చెరలో ఉన్న యూదులకు యిర్మీయా ప్రవక్త ఒక ఉత్తరం రాశాడు. అక్కడే ఇళ్ళు కట్టుకుని తోటలు వేసుకోవాలని, తమను చెరపట్టిన ఆ పట్టణం బాగు కోసమే ప్రార్థించాలని అందులో చెప్పాడు. ఆ పట్టణం వాళ్ళ భాష మాట్లాడదు, వాళ్ళ దేవుణ్ణి కొలవదు. అయినా ఆ ఊరి మంచిచెడ్డలు వాళ్ళవే అన్నాడు ప్రవక్త. దీన్ని నమ్మే సంఘానికి పై ప్రశ్నకు జవాబు వెతుక్కోవలసిన పని లేదు. కష్టమంతా ఆచరణలోనే.

హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ఏ పాత చర్చి దగ్గరైనా ఆదివారం ఉదయం ఆ కష్టం కనిపిస్తుంది. తొమ్మిదింటికల్లా కొంపల్లి నుంచి, అల్వాల్ నుంచి, మియాపూర్ నుంచి కార్లు వచ్చి గేటు ముందు బారులు తీరుతాయి. తాతల కాలంలో ఈ కుటుంబాలు చర్చి వెనక సందుల్లోనే ఉండేవి. ఇప్పుడు అపార్టుమెంట్లు కొనుక్కుని దూరం వెళ్ళినా, బాప్తిస్మం పొందిన గుడి మీద ప్రేమ పోలేదు. అది గౌరవించవలసిన ప్రేమే. పదకొండింటికి ఆరాధన ముగుస్తుంది. అయ్యగారికి వందనాలు చెబుతారు, మెట్ల మీద కాసేపు కబుర్లాడతారు, బయల్దేరతారు. మధ్యాహ్నానికి గేటుకు తాళం పడుతుంది. అదే గేటుకు ఎదురుగా ఇప్పుడు హాస్టళ్ళు, టిఫిన్ సెంటర్లు, ఒడిశా నుంచో జార్ఖండ్ నుంచో వచ్చి ఒకే గదిలో ఆరుగురు సర్దుకునే కూలీలు. వాళ్ళలో క్రైస్తవులూ ఉంటారు. ఆ గేటు లోపల తమకు చోటుందని వాళ్ళకు చెప్పేవారెవరు?

పేట మారినప్పుడు చర్చీ మారగలదని చెప్పడానికి సికింద్రాబాద్‌లోనే సాక్ష్యం ఉంది. సెయింట్ జాన్స్ చర్చిని 1813లో బ్రిటిష్ దండు కోసం కట్టారు. దండు వెళ్ళిపోయింది. చర్చి ఈ దేశపు విశ్వాసులదై, నేడు దక్షిణ ఇండియా సంఘంలో భాగంగా నడుస్తోంది. ఒకసారి మారగలిగింది మళ్ళీ మారలేదా?

మారడం అంటే ఏమిటి, ఎంతవరకు? ఇక్కడ శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లైడ్ మెమోరియల్ చర్చి కథ చెప్పుకోవాలి. అది టెండర్‌లాయిన్ అనే పేటలో ఉంది. పేదలు, ఇల్లు లేనివాళ్ళు, మత్తుకు బానిసలైనవాళ్ళు, ఇంట్లోంచి గెంటేయబడ్డ కుర్రాళ్ళు చేరే చోటది. సెసిల్ విలియమ్స్ అనే నల్లజాతి పాస్టరు 1963లో అక్కడికి వచ్చేసరికి సభ్యులు బాగా తగ్గిపోయి ఉన్నారు. ఉన్న కొద్దిమందిలో ఎక్కువమంది తెల్లవాళ్ళు. వీధికీ వాళ్ళకూ పొత్తు లేదు. విలియమ్స్ తలుపులు బార్లా తెరిచారు. ఆరాధనలోకి జాజ్, బ్లూస్ వచ్చాయి. స్వలింగ సంపర్కుల్ని పోలీసులు వేటాడుతున్న ఆ రోజుల్లోనే గ్లైడ్ వాళ్ళ పక్షాన నిలిచింది. వంటగది రోజూ ఉచితంగా భోజనం పెట్టే స్థాయికి పెరిగింది. అమెరికా కుబేరుడు వారెన్ బఫెట్ తనతో భోంచేసే అవకాశాన్ని వేలం వేసి ఆ సొమ్మును 2000 నుంచి గ్లైడ్‌కే ఇస్తూ వచ్చారు. 2022లో ఆ వేలం 1.9 కోట్ల డాలర్లు పలికింది.

అదే విలియమ్స్ 1967లో గుడిలోని సిలువను తీయించారు. అది చావుకు గుర్తు, మనకు కావలసింది బతుకు అని ఆయన వాదన. ఆయన ప్రేమను శంకించనక్కర్లేదు గానీ ఈ పని మాత్రం అవసరం లేనిది. ఆకలితో వచ్చినవాణ్ణి గుమ్మం దగ్గర ఆపింది సిలువ కాదు. మూసిన తలుపు, మొహం తిప్పుకున్న మనుషులు. నమ్మకాన్ని పలచన చేస్తే గానీ పొరుగువాడు దగ్గరకు రాడన్న భయం నిజానికి పొరుగువాణ్ణే తక్కువ చేస్తుంది.

లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కనున్న సెయింట్ మార్టిన్ చర్చి ఆ భయానికి జవాబు. డిక్ షెపర్డ్ 1914లో అక్కడికి వికార్‌గా వచ్చారు. అప్పటికే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. దగ్గర్లోని చేరింగ్ క్రాస్ స్టేషన్‌లో సైనికులు రైలు దిగి, రాత్రి తల దాచుకునే చోటు లేక తిరిగేవారు. షెపర్డ్ చర్చి కింది నేలమాళిగను వాళ్ళకు ఇచ్చేశారు. యుద్ధం తర్వాత ఇల్లు లేనివాళ్ళకూ అదే నీడైంది. ఆ సేవ ఇవాళ్టికీ ఆగలేదు. పక్క పేటలో చైనీయులు స్థిరపడ్డాక కాంటొనీస్, మాండరిన్ భాషల్లో ఆరాధనలు కూడా మొదలయ్యాయి. బల్ల కదల్లేదు, సిలువ కదల్లేదు. మారినవి తాళం వేసే వేళ, వినిపించే భాష.

మన దగ్గర ఇంకో చిక్కుంది. చర్చి అన్నం పెడితే మతం మార్చడానికే అంటారు. ఈ అనుమానానికి ఒంగోలులో నూట యాభై ఏళ్ళ కిందటే ఒక జవాబు దొరికింది. 1876-78 నాటి ధాత కరువులో బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్ళు కొల్లలు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు పని సాగినంత కాలం ఆయన ఒప్పుకోలేదు. సాయం ఆగిపోయాక, ఇక తన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేనప్పుడు, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను ప్రతి సంఘ చరిత్రా గర్వంగా చెబుతుంది. దానికి ముందు క్లౌ పట్టిన బిగువును కూడా అంతే గట్టిగా చెప్పాలి. అన్నానికీ బాప్తిస్మానికీ ముడి పెట్టని సంఘమే పొరుగింటి హిందువు ముందూ ముస్లిం ముందూ తలెత్తుకుని నిలబడగలదు.

చర్చి తలుపు పొరుగువాడికి తెరవడమంటే ఏమిటో అమెరికాలోని తెలుగు సంఘాలకు అవతలి వైపు నుంచి తెలుసు. వాటిలో చాలా సంఘాలు సొంత గుడి లేక, ఏ తెల్లవాళ్ళ పాత చర్చిలోనో ఆదివారం మధ్యాహ్నం హాలు అద్దెకు తీసుకుని ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుకుంటూ మొదలైనవే. పరాయి పేటలో ఎవరో తాళం తీసి లోపలికి రమ్మంటే ఎలా ఉంటుందో ఆ కుటుంబాలను అడగాలి.

కాబట్టి పాస్టరేట్ కమిటీల పెద్దలకు ఒక విన్నపం. వచ్చే సమావేశంలో రంగులు, మైకుసెట్టు, క్రిస్మస్ ఖర్చు మాట్లాడుకునే ముందు, చర్చి చుట్టూ నాలుగు వీధుల్లో ఇప్పుడు ఎవరు ఉంటున్నారో తెలుసుకోండి. స్త్రీల మైత్రివాళ్ళు, యువకులు ఒక సాయంత్రం ఆ వీధుల్లో తిరిగి పలకరించి వస్తే చాలు. సండే స్కూల్ హాలు వారానికి ఆరు రోజులు ఖాళీగానే ఉంటుంది. హాస్టలు పిల్లలు చదువుకోవడానికి సాయంత్రాలు తెరిచి ఉంచండి. కూలీలకు ఆదివారం సాయంత్రం హిందీలోనో ఒడియాలోనో ఆరాధన పెట్టుకునే వీలివ్వండి. అద్దె అడగకండి.