నిప్పు పెట్టి వెనక్కి చూసినవాడు

మా ఏన్కూరు వైపు ఎండాకాలం కార్తెల లెక్కలోనే నడుస్తుంది. ఏప్రిల్ ఆఖరున భరణి, మే రెండో వారంలో కృత్తిక, చివరి వారంలో రోహిణి, జూన్ 7, 8 తేదీలకు మృగశిర. నక్షత్రాలకు అధిదేవతలను చెప్పిన పూర్వులు భరణిని యముడికి, కృత్తికను అగ్నికి, రోహిణిని ప్రజాపతికి, మృగశిరను సోముడికి అప్పగించారు. వాళ్లేమీ మా ఖమ్మం ఎండను చూసి ఈ వరస పెట్టలేదు. అయినా ప్రతి ఏడూ నాకిది ఆశ్చర్యమే. ముందు యముడొచ్చి ముసలీ ముతకను చూసుకుంటాడు. తర్వాత అగ్ని అడవి మీద పడతాడు. రోళ్లు పగిలే రోహిణిలో ప్రజాపతి చేతులు కట్టుకుని కూర్చుంటాడు. చంద్రుడి వంతు వచ్చాక గానీ మేం చేపల పులుసు పెట్టుకోం.

యముడి మాట వేళాకోళానికి అనలేదు. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. మైదానాల్లో 45 డిగ్రీలు తాకితే వడగాలి కింద లెక్క అని వాతావరణ శాఖ అంటుంది. కొత్తగూడెం, భద్రాచలం వాళ్లకు ఆ అంకె కొత్తేమీ కాదు. ఆ గాలి ఇక్కడ పుట్టింది కాదు. రాజస్థాన్ ఎడారి దిక్కు నుంచి విదర్భ మీదుగా, దారిలో ఉన్న తడినంతా తాగేస్తూ వాయవ్యం నుంచి వస్తుంది. అది జోరు మీదున్న రోజున బంగాళాఖాతం గాలి ఇక్కడిదాకా రాలేదు. మధ్యాహ్నం మూడింటికి ఆరేసిన పంచె తీస్తే అప్పడంలా ఉంటుంది. జూలూరుపాడు రోడ్డుకు అటూ ఇటూ టేకు మార్చికే ఆకు రాల్చేసి ఉంటుంది. తునికి, నల్లమద్ది, వెదురు అన్నిటి ఎండుటాకూ మోకాలి కింద దాకా పేరుకుని, అడుగేస్తే గలగలమంటుంది. ఇక కావలసింది ఒక్క బీడీ ముక్క.

నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. వేసవి సాయంత్రాలు రామాలయం అరుగు మీద భారతం చదివి అర్థం చెబుతుంటాను. వినేవాళ్లలో సగం మంది గాలి కోసం వస్తారు, తప్పేమీ లేదు. ఆదిపర్వం ఖాండవదహనంతో ముగుస్తుంది. మొన్న సరిగ్గా కృత్తికలో ఆ ఘట్టం దగ్గరికొచ్చాం. శ్వేతకి మహారాజు ఏళ్ల తరబడి చేసిన యాగాల్లో నెయ్యి తాగి తాగి అగ్నికి అజీర్తి చేసింది. ఖాండవవనమే దానికి మందు. ఇంద్రుడు వాన కురిపించి ఆర్పేస్తుంటే అగ్ని కృష్ణార్జునుల్ని సాయం అడుగుతాడు. అర్జునుడి చేతికి గాండీవం వచ్చింది అప్పుడే. ఇద్దరూ అడవికి చెరో పక్కనా నిలబడి, పారిపోయే ప్రాణినల్లా మంటల్లోకే తోశారు. మిగిలినవి ఆరు ప్రాణాలు: తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షి పిల్లలు.

తునికాకు సీజన్లో కల్లం దగ్గర పనిచేసే ఒకాయన వెనక వరసలోంచి లేచాడు.

"సారూ, మా ఆడోళ్లు ఇప్పచెట్టు కింద రెండు గంపల ఆకు కాలిస్తే కేసు రాస్తమంటరు. కిష్ణుడూ అర్జునుడూ అడివి అడివంతా తగలబెడితే మనం దండం పెట్టుకుని వింటున్నం. ఇదెట్ల?"

అందరూ నవ్వారు. నేను పుస్తకం మూసి "రేపు చెబుతా" అన్నాను.

పండితుల దగ్గర సమాధానాలకు కరువు లేదు. ఖాండవం దుష్టులకు నెలవంటారు. తినడం అగ్ని ధర్మమంటారు. మరీ నిలదీస్తే గీత పద్దెనిమిదో అధ్యాయానికి వెళ్తారు: ఏ పని మొదలుపెట్టినా దోషం అంటుకునే ఉంటుంది, నిప్పును పొగ చుట్టుకున్నట్టు. ఆ మాటను తమకు కావలసినట్టు వాడుకునేవాళ్లే ఎక్కువ. దోషముందని నీ ధర్మాన్ని వదిలెయ్యకు అన్నాడు గానీ, పొగ లేదని కృష్ణుడు అనలేదు. గూడులో రెక్కలు రాని పిల్లల్ని పెట్టుకుని జరిత అనే తల్లి పక్షి పడ్డ వేదనను వ్యాసుడు అంత విపులంగా రాసింది పొగ చూపించడానికే అని నా నమ్మకం.

వ్యాసుడు తీర్పు చెప్పడు, జమాఖర్చు రాస్తాడు. ఆ మంటలోంచి బతికిన మయుడు కట్టిందే మయసభ. దుర్యోధనుడి కడుపుమంట అక్కడే రాజుకుంది. తల్లిని పోగొట్టుకుని బయటపడ్డ అశ్వసేనుడు కర్ణుడి బాణంలో దూరి అర్జునుడి తలకు గురిపెడతాడు. ఆ రోజు అడవిలో లేక బతికిపోయిన తక్షకుడు అర్జునుడి మనవణ్ణే కాటేస్తాడు. అది శృంగి శాపం వల్ల కదా అంటారు, నిజమే. అయినా శాపం తీర్చడానికి ఇంకే పామూ దొరకలేదా? దానికి బదులుగా జనమేజయుడు సర్పయాగం చేస్తాడు, మళ్లీ నిప్పే. భారతకథ వైశంపాయనుడి నోట వినిపించింది ఆ యాగం దగ్గరే.

అయితే ఇది ఫలితాల లెక్క. కల్లం ఆయన అడిగింది తప్పొప్పుల లెక్క. దానికి నేను పక్క పుస్తకంలోకి వెళ్లాల్సి వచ్చింది. భద్రాద్రి నీడన బతికేవాళ్లం, మాకు రామాయణం ఎప్పుడూ చేతికందే ఉంటుంది. సుందరకాండలో లంక కాల్చి, తోక సముద్రంలో చల్లార్చుకున్నాక హనుమంతుడికి ఒక్కసారిగా భయం పట్టుకుంటుంది. ఊరంతా కాలుతుంటే సీతమ్మ మాత్రం మిగిలిందా? కోపానికి లొంగిపోయానే అని తనను తాను తిట్టుకుంటాడు, ప్రాణం తీసుకుందామా అనుకుంటాడు. ఆమె క్షేమమని చారణుల మాట చెవిన పడ్డాక కూడా, వెనక్కి వెళ్లి కళ్లారా చూశాకే బయల్దేరతాడు. ఖాండవంలో ఈ భయం లేదు. కృష్ణార్జునులు మంట దగ్గరే నిలబడ్డారు, నిజమే. కాని వాళ్లు కాపలా కాసింది మంట దాటకుండా కాదు, ప్రాణులు దాటకుండా.

మా దగ్గర గూడెంలో ఇప్పపువ్వు ఏరే ఒక ముసలమ్మను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. పువ్వు రాలే రోజులకు ముందు, ఇంకా గాలి లేవని తెల్లవారుజామున చెట్టు దగ్గరికి వస్తుంది. ముందు పొరకతో ఆకునంతా మొదలుకు దూరంగా, నడిమికి లాగుతుంది. చుట్టూ బారెడు వెడల్పున మట్టి తేలేదాకా ఊడుస్తుంది. పక్కన సొరకాయ బుర్రలో నీళ్లు, చేతిలో పచ్చి కొమ్మ. అప్పుడు గాలి దిక్కు చూసి ఎదురు వైపు నుంచి అంటిస్తుంది, మంట నెమ్మదిగా నడవాలని. నల్లబడ్డ నేల మీద తెల్లటి పువ్వు దూరం నుంచే కనబడాలి, అదీ ఆమె అవసరం. చివరి పొగ పోయేదాకా గొంతుక్కూర్చుని ఉంటుంది. లేచేముందు బూడిదలో వేళ్లు పెట్టి చూస్తుంది. ఒకసారి మంట అంచున ఉడుము పిల్ల కనబడితే కొమ్మతో దారి చేసి బయటికి పంపింది, ఏదో గొణుక్కుంటూ. మంత్రమా అని అడిగితే, "తిట్టిన సారూ, చూస్కోకుంటే ఎట్ల దానికి" అంది.

అగ్నిహోత్రం పెట్టుకున్న గృహస్థుకు శాస్త్రం చెప్పిందీ ఇంచుమించు ఇదే. నిప్పును రోజూ చూసుకోవాలి, పొరుగూరు పోవాలన్నా అగ్నికి చెప్పి పోవాలి. నిప్పు పెట్టే హక్కు కంటే నిప్పు దగ్గర ఉండే బాధ్యతనే ఆ నియమాలు ఎక్కువ పట్టించుకున్నాయి.

పెట్టి పోయే నిప్పులే అడవిని తింటున్నాయి. చిగురు బాగా వస్తుందని తునికి పొదలకు అంటించి పోయేవాళ్లు, పచ్చగడ్డి కోసం పశువుల కాపరులు, పోడు అంచున నిప్పు వదిలేసేవాళ్లు, కారాపి సిగరెట్ పారేసే యాత్రికులు. ఇక్కడివి చాలావరకు నేలమంటలు. బెరడు మందమున్న పెద్ద టేకు తట్టుకుంటుంది, మొలక పోతుంది. నెమలి గుడ్డు, తాబేలు, పరుగెత్తలేని అలుగు పోతాయి. డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాలతో మంటను పసిగట్టి అటవీ సిబ్బంది ఫోన్లకు సందేశం పంపుతుంది. ఒక్కో చుక్క 375 మీటర్ల మేర నేలకు గుర్తు. ఎక్కడ కాలుతోందో తెలుస్తుంది, ఎవరు పెట్టారో తెలియదు. పెళ్లిలో అగ్ని సాక్షి. మా అడవిలో అగ్నికే సాక్షి లేడు.

నేనూ ఈ లెక్కకు బయట లేను. 1871లో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ బొగ్గును గుర్తించాడు. మా పక్క మండలమైన సింగరేణి పేరే కంపెనీకి వచ్చింది. ఆ బొగ్గు పాతిక కోట్ల ఏళ్ల పైచిలుకు నాటి అడవి. అది పాల్వంచ కరెంటు కేంద్రంలో కాలితే నా తల మీద ఫ్యాన్ తిరుగుతుంది. ఆ పొగ ఎటు పోయిందో, ఏ ఏటి వడగాలిలో కలిసిందో నేను వెళ్లి చూడలేదు. ముసలమ్మ బూడిదలో వేళ్లు పెట్టినట్టు అందులో నేనెక్కడ పెట్టాలి?

మర్నాడు సాయంత్రం ఇదంతా అరుగు మీద చెప్పాను. నిప్పు పెట్టడంలో కాదు, పెట్టి పోవడంలోనే పాపమంతా ఉందన్నాను. హనుమంతుడి భయం ఉన్నవాడి చేతిలో నిప్పు ఉండవచ్చన్నాను. కల్లం ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, "మంచిగనే ఉంది సారూ. కాని కాపలా కూర్చున్న ముసల్దే దొరుకుద్ది. పెట్టి పోయినోడు దొరకడు. కేసు ఎవలి మీద?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఎవరో సభాపర్వం ఎప్పుడు మొదలుపెడతారని అడిగారు. శుక్రవారం అన్నాను.