వాయిదా పడిన రొట్టె



2025 నవంబరు 1, శనివారం. మా చర్చి సరుకులు పంచే గది ముందు వరుస మామూలు కంటే చాలా పొడుగ్గా ఉంది. ముందు నిలబడ్డ ఒకామె వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేస్తుంది. ఆమె స్నాప్ కార్డులో ప్రతి నెలా ఒకటో తేదీన డబ్బు పడుతుంది. ఆ రోజు పడలేదు. "ఎప్పుడు వేస్తారో చెప్పేవాళ్లు లేరు" అంది. డబ్బు రాకపోవడం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధించింది.

అక్టోబరు 1 నుంచి ఫెడరల్ ప్రభుత్వానికి బడ్జెట్ లేదు. నెల తిరిగేసరికి దాదాపు 4 కోట్ల 20 లక్షల మంది తిండి సాయం ప్రశ్నార్థకమైంది. అత్యవసర నిధిలో ఉన్నది సుమారు 460 కోట్ల డాలర్లు, నెలకు కావలసింది 800 కోట్లకు పైనే. దాన్ని వాడాలా వద్దా అన్న తగవు కోర్టులకెక్కింది, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కొన్ని రాష్ట్రాలు పూర్తిగా ఇచ్చాయి, కొన్ని ఇవ్వలేదు. నవంబరు 12న 43 రోజుల షట్‌డౌన్ ముగిసింది. ఏ పార్టీది తప్పు అనే చర్చ నేనిక్కడ పెట్టను. దానికి మన వాట్సాప్ గ్రూపులు చాలు.

నన్ను వదలనిది ఒక సహోదరుడి మాట. "రెండు వారాలేగా అన్నా, తర్వాత మొత్తం ఇచ్చేశారుగా!" లెక్క ప్రకారం నిజమే. కానీ మొదటి వారం తాగని పాలు మూడో వారం రెట్టింపు తాగి సరిచేసుకోగలమా? ఆ రోజుల్లో ఆమె అద్దె డబ్బుతో బియ్యం కొంది. అద్దె ఆలస్యమై లేటు ఫీజు పడింది. తర్వాత కార్డులో వచ్చిన డబ్బుతో ఆ ఫీజు కట్టలేదు. ఆ కార్డుతో సబ్బు కూడా కొనలేదు, తినే సరుకులు తప్ప. ఆలస్యానికి అయిన ఖర్చు ఆలస్యం చేసినవాళ్ల మీద పడలేదు, ఆమె మీద పడింది. దీన్ని అన్యాయం అనకుండా అసౌకర్యం అనడానికి నాకు మనసొప్పదు.

ఇంకో మాట కూడా వింటాం: పేదల్ని చూసుకోవాల్సింది సంఘమే, ప్రభుత్వం కాదని. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. అయితే ఫీడింగ్ అమెరికా లెక్క చూడండి: తమ ఫుడ్ బ్యాంకులు ఒక భోజనం పెట్టే చోట స్నాప్ తొమ్మిది పెడుతుందట. ఆ శనివారం మా అరలు పదకొండు గంటలకే ఖాళీ అయ్యాయి. మా ప్రేమ తక్కువై కాదు.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రకు భోజనం అందలేదని ఫిర్యాదు వచ్చింది. అపొస్తలులు వాళ్లకు ఓర్పు గురించి ప్రసంగం చేయలేదు. ఏడుగురిని ఎన్నుకోమని శిష్యులకే చెప్పి, వాళ్లకు పని అప్పగించారు. వడ్డన సరిగ్గా జరగడమూ పరిశుద్ధమైన పనే అని నేను గ్రహించింది అక్కడే. పొలం మూలలు కోయకుండా పేదకూ పరదేశికీ విడిచిపెట్టమన్నదీ ఆజ్ఞే. రైతు దయకు వదిలేసిన విషయం కాదది.

మనలో చాలామందిమి హెచ్‌-1బి మీద ఉన్నాం, స్నాప్ మనకు రాదు. కాబట్టి మనకెందుకు అనిపించవచ్చు. కానీ మన ఊళ్లో రేషన్ షాపు ముందు సంచి పట్టుకుని నిలబడిన అమ్మల పిల్లలం మనలో ఎంతమందిమి లేం? 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యంతో పెరిగిన ఇళ్లు ఎన్ని? "స్టాకు రాలేదు, వచ్చే వారం రండి" అని డీలరు అన్న రోజు మా అమ్మ ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకుని, పక్కింటికి వెళ్లేది. ఆ అప్పు గింజలు తిరిగి కొలిచి ఇచ్చేటప్పుడు మా డబ్బా సగానికి వచ్చేది.

ఆ చట్టం స్నాప్‌కు 2026 సెప్టెంబరు ఆఖరి దాకా నిధులిచ్చింది. మా గది ఇప్పుడూ శనివారాలు తెరుస్తాం. డిసెంబరులో ఆమె మళ్లీ వచ్చింది. కార్డులో డబ్బు పడుతోందట. లేటు ఫీజు మాత్రం ఇంకా తీరలేదట.