దించే చేయి

ఇంగ్లండ్‌లో బాత్ నగరానికి నీళ్ల మీద వెళ్లాలంటే కెన్నెట్ అండ్ ఏవన్ కాలువ ఉంది. 1810లో పూర్తయింది. దాని మీద నారోబోట్లనే సన్నటి పడవలు మనిషి నడిచినంత వేగంతో వెళ్తాయి. పొడవెంతున్నా వెడల్పు 7 అడుగులు మించదు. నగరం దగ్గర కాలువ విడిచి ఏవన్ నదిలోకి దిగడానికి వరసగా 6 లాకులు దాటాలి. గోదావరి కాలువల ఒడ్డున పెరిగినవాళ్లకు లాకుల సంగతి చెప్పనక్కర్లేదు.

వాటిలో ఒకదాని లోతు 19 అడుగుల పైమాటే. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసేస్తారు. తూములు ఎత్తగానే నీళ్లు తగ్గుతాయి. చుట్టూ తడి గోడలు లేస్తాయి, పైన ఆకాశం కొంచెమే మిగులుతుంది. కొత్తవాళ్లకు గుండె జారుతుంది.

ఈమధ్య మీ రోజులూ ఇలాగే ఉన్నాయా? జీతం చాలక, ఒంట్లో బాగోక, అన్నీ కిందికే పోతున్నట్టుందా? దేవుడు నన్ను మరిచిపోయాడేమోనని పక్క మీద పడుకుని అనుకున్నారా?

లాకులో పడవ పడిపోవడం లేదండీ. నీళ్లే దాన్ని మోస్తూ దించుతున్నాయి. గట్టు మీద ఒకరు పడవనే కనిపెట్టుకుని ఉంటారు. ఎక్కడైనా తట్టుకున్నట్టు కనిపిస్తే చటుక్కున తూము మూసేస్తారు. పడవలో ఉన్నవాళ్లు చేయాల్సింది ఒక్కటే. తాడు గట్టుకు బిగించి కట్టకూడదు. కడితే నీళ్లు దిగిపోయాక పడవ తాడుకు వేలాడుతుంది. తాడు చేత్తో పట్టుకుని కొంచెం కొంచెంగా వదలాలి.

నది ఒడ్డున పడవ కట్టేసి ఊళ్లోకి నడిస్తే బాత్ అబే చర్చి. 1499లో బిషప్ ఆలివర్ కింగ్ దాన్ని మళ్లీ కట్టించడం మొదలుపెట్టాడు. పడమటి గోడకు రెండు రాతి నిచ్చెనలు, వాటి మీద దేవదూతలు. కొందరు ఎక్కుతుంటే కొందరు తల కిందికి పెట్టి దిగుతున్నారు. దిగేవాళ్లనూ చెక్కిన ఆ శిల్పులంటే నాకెంతో గౌరవం.

బైబిల్లో యాకోబు కన్న కల కూడా ఇలాంటిదే. అన్న కోపానికి భయపడి, ఇల్లు విడిచి, రాయి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. నీకు తోడుంటానని దేవుడు అతనికి మాటిచ్చింది ఆ రాత్రే. మందలూ కుటుంబమూ సమకూరేదాకా ఆగలేదు.

ఈరోజు మీరు బిగించి పట్టుకున్నది ఏమిటి? తీరని అప్పా? డాక్టరు చెప్పబోయే మాటా? పిల్లవాడి భవిష్యత్తా? ఒక్కదాన్ని ఎంచుకుని, దాని పేరు చెప్పి తండ్రికి అప్పగించండి. మళ్లీ గుర్తొస్తే మళ్లీ అప్పగించండి, ఆయన విసుక్కోడు. ఈ పూట చేయాల్సిన పని ఏదుంటే అది చేయండి. కట్టాల్సిన బిల్లు కట్టండి, వేసుకోవాల్సిన మాత్ర వేసుకోండి, చాన్నాళ్లుగా మాట్లాడని అక్కకు ఒక ఫోను చేయండి.

రాత్రి మాత్రం రేపటి లెక్కలు ముందేసుకుని కూర్చోకండి. ఆయన మేలుకునే ఉంటాడు, మీరు పడుకోండి.