గొంతుకి వారసులెవరు?

పోయినవాళ్ల సొమ్ము పిల్లలది. మరి పోయినవాళ్ల గొంతు?

2007లో జపానువాళ్లు హత్సునే మికు అనే బొమ్మగాయనిని తయారుచేశారు. గొంతిచ్చిన ఫుజితా సాకి తెలిసే ఇచ్చింది, పేచీ లేదు. మన బాలుగారు 2020లో కన్నుమూశారు. 2023లో వచ్చిన ‘కీడా కోలా’లో ఆయన గొంతును యంత్రంతో పలికించారు. మమ్మల్ని అడగలేదంటూ 2024లో కుమారుడు చరణ్ నోటీసిచ్చారు. ఆ ఏడే ‘లాల్ సలామ్’ కోసం రెహమాన్, కీర్తిశేషులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను మళ్లీ వినిపించారు; కుటుంబాలను అడిగి, డబ్బూ ఇచ్చి.

అడగడం మర్యాద. అడక్కపోవడం తప్పు. కానీ అడిగితే సరిపోయిందా? పాతబస్తీ లాడ్‌బజార్లో కొన్న లక్కగాజులు అమ్మ తర్వాత కూతురికొస్తాయి. అమ్మ చెయ్యి రాదు కదా! గొంతు గాజులాంటిది కాదు, చెయ్యిలాంటిది. బతికున్న గాయకుడు ‘‘ఈ పాట నేను పాడను’’ అనగలడు. యంత్రానికి ఆ మాట రాదు. వారసులు చెప్పేదీ తమ ఇష్టమే.

అందుకే ఇల్లూ వాకిలీ సంగతి రాసినట్టే, గొంతు సంగతీ గాయకులే బతికుండగా రాసిపెట్టాలి. రాయకపోతే? మౌనం అర్ధాంగీకారమంటారు. పోయినవారి మౌనానికి ఆ సామెత వర్తించదు.