దాత నిష్కామము, గ్రహీత ఋణము

ఫలమును గోరక కర్మ నాచరింపవలెనను బోధను మన దేశమున విననివా రరుదు. అది యెంతటి బరువైనదో తెలియవలెనన్న, దాని నాచరణయందు జూపినవారిని పరికింపవలెను. అట్టివారు సుదూరమున, దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున గలరు.

మనుష్యుని స్మృతిని క్రమక్రమముగా హరించు వ్యాధులలో ముఖ్యమైనది ఆల్జైమర్ వ్యాధి. జర్మను వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్ దీనిని 1906లో తొలిసారి వర్ణించెను. ఇందు అమిలాయిడ్ అను మాంసకృత్తు మెదడులో గడ్డకట్టి పేరుకొనును. లక్షణములు పొడసూపుటకు ఎన్నో యేండ్లకు పూర్వమే ఈ మార్పు ఆరంభమగును. కావున ఆరోగ్యముగా నున్నప్పుడే మందిచ్చినచో వ్యాధిని నివారింపవచ్చునేమో యని శాస్త్రజ్ఞులు తలచిరి. కాని ముందుముందు ఈ వ్యాధి యెవరికి రానున్నదో తెలియుట యెట్లు?

కొలంబియాలోని ఆంతియోకియా పర్వతప్రాంతమున ఈ ప్రశ్నకు సమాధానము లభించెను. అచ్చటి ఒక వంశపరంపరలో ఒకే జన్యుదోషము తరతరములుగా సంక్రమించుచున్నది. ఆ దోషము గలవారికి సుమారు నలుబది నాలుగేండ్లకే మతిమరపు మొదలై, ఏబదియేండ్లు నిండకమునుపే బుద్ధి నశించును. అది తలిదండ్రులలో నొకరికున్నచో, ప్రతి బిడ్డకును సంక్రమించుట సగము సంభవము. 2024లో దివంగతుడైన వైద్యుడు ఫ్రాన్సిస్కో లోపెరా దశాబ్దములు ఈ కుటుంబముల వెంట నుండి సేవించెను.

2013లో అచ్చట క్రెనెజుమాబ్ అను మందును పరీక్షింప నారంభించిరి. లక్షణము లింకను కనబడని 252 మంది ఇందు పాల్గొనిరి. తమలో దోషమున్నదో లేదో తెలిసికొనుట కనేకులు ఇష్టపడలేదు. దోషము గలవారినే చేర్చుకొన్నచో, చేరుటతోడనే ఆ రహస్యము బయటపడును. అందుచేత దోషములేనివారిని సైతము చేర్చుకొని, వారికి ఔషధగుణము లేని ద్రవము నిచ్చిరి. వారిలో మూడవవంతు మంది, తమకే మేలును గలుగదని యెరుగకయే, ఏండ్ల తరబడి సూదిపోట్లు సహించిరి. ఒకరి మనశ్శాంతికై మరియొకరు దేహమును తెరగా నిలిపినట్లయ్యెను.

2022లో ఫలితము వెలువడెను. మందు వ్యాధిని గణనీయముగా నాపలేదు.

అయినచో ఆ సేవ వ్యర్థమాయెనా? కాదు. ఆ మార్గమున పోవువారికి ఏది పనిచేయదో తెలిసినది. ఇట్టి నివారణపరీక్షను నడుపవచ్చునని రుజువైనది. ఆ వంశమునందే జన్యుదోషమున్నను డెబ్బదియేండ్ల ప్రాయము వరకు స్మృతి చెడని యొక స్త్రీ కలదనియు, మరియొక అరుదైన జన్యుభేద మామెను కాపాడియుండుననియు 2019లో పరిశోధకులు ప్రకటించిరి. అది నూతన చికిత్సాన్వేషణకు దారి చూపినది.

అట్లని వారికి ఆశయే లేదనుట సత్యముకాదు. తమ బిడ్డలైనను ఈ శాపమునుండి బయటపడవలెనని వారు కోరిరి. నిష్కామ మనగా హృదయము ఎండిపోవుట గాదు. ఆశించిన ఫలము చేతికి రాకున్నను కర్తవ్యమును విడువకుండుట.

ఇచట సాధకులు మరువరాని సూక్ష్మ మొకటి గలదు. నిష్కామము ఎవరికి వారు పూనవలసిన వ్రతము. పరులపై మోపదగిన నియమము కాదు. ఇచ్చువాడు ఫలమును మరువవచ్చును, పుచ్చుకొనువాడు మరువరాదు. "వారు ఫలమాశింపలేదు గదా" యని పరిశోధకులు గాని ఔషధసంస్థలు గాని తలచినచో, అది వేదాంతము కాదు, ఋణమును ఎగవేయుట.

ఈ ప్రశ్న నేడు మరింత తీవ్రమైనది. 2023లో అమెరికాదేశమున పూర్తి ఆమోదమును పొందిన లెకానెమాబ్ అను మందు, వ్యాధి తొలిదశలోనున్నవారి క్షీణతను పదునెనిమిది నెలల కాలమున సుమారు నాల్గవవంతు మందగింపజేసెను. అది వ్యాధిని నయము చేయదు; కొందరికి మెదడులో వాపును, రక్తస్రావమును గలిగించును. దాని వెలయు మిక్కిలి అధికము. రేపు ఇంతకంటె మేలైన మందు లభించినను, దానికొరకు దేహములు నిచ్చిన పేదల యిండ్లకు చేరక, ధనికదేశముల వైద్యశాలలలోనే నిలిచిపోవచ్చును.

స్మృతిని కోల్పోవువాడు తన దానమును తానే మరచిపోవును. దానిని గుర్తుంచుకొనవలసిన భారము స్మృతి గల మనపై నున్నది.